‘అవును, అదే’ అనిపించాకే మన మాట

పాఠకుల ప్రశ్నలు, జవాబులు. ఈసారి అంశం: పనిచేసే చోట గొడవలు

గచ్చిబౌలి నుంచి రాసినవాళ్లూ జీడిమెట్ల నుంచి రాసినవాళ్లూ ఈసారి దాదాపు ఒకటే అడిగారు: ‘ఎంత మంచిగా చెప్పినా వినరు, ఏం చెయ్యాలి?’ మంచిగా చెప్పడానికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఎదుటివాళ్ల మాట విని, విన్నది తిరిగి చెప్పి, ‘అవును, అదే’ అనిపించుకోవాలి. కింది జవాబుల్లో ఎక్కువ భాగం దాని గురించే. అది పనికిరాని చోట్లూ ఉన్నాయి, అవీ చెప్పాం. ఉత్తరాల్లోని పేర్లు, కంపెనీల వివరాలు తీసేశాం.

ప్రశ్న: ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా డెవలపర్‌కీ టెస్టర్‌కీ మూడు నెలలుగా పడట్లేదు. ఆమె బగ్ (ప్రోగ్రాంలో లోపం) మీద టిక్కెట్ రాస్తుంది. అతను ‘నా సిస్టమ్‌లో రావట్లేదు’ అని మూసేస్తాడు. ఆమె మళ్లీ తెరుస్తుంది. ఇప్పుడు ఇద్దరూ గ్రూపులోనే, నన్నూ మేనేజర్‌నీ ట్యాగ్ చేసి మరీ తగువాడుకుంటున్నారు. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడితే ఇంకా ముదిరింది. ఎక్కడ తేడా కొట్టింది?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ముందే కలిపి కూర్చోబెట్టడం దగ్గర. కోపం మీదున్న ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెడితే ఒకరు మాట్లాడుతున్నంతసేపూ రెండోవాళ్లు వినరు, తమ జవాబు కూర్చుకుంటుంటారు. పక్కన లీడ్ ఉన్నారు కాబట్టి ఇద్దరికీ అది పంచాయితీ అయిపోతుంది. పంచాయితీలో ఎవరూ తమ తప్పు చెప్పుకోరు.

ముందు విడివిడిగా మాట్లాడండి. ఒక్కొక్కరికి 25 నిమిషాలు, ఇద్దరితోనూ ఒకే రోజు. ఒకరితో సోమవారం, ఇంకొకరితో గురువారం పెట్టుకుంటే ఈలోపు ‘లీడ్ ఆవిడ వైపే’ అన్న మాట ఫ్లోరంతా చుట్టొస్తుంది. అద్దాల మీటింగ్ రూమ్ వద్దు, లోపల ఎవరు ముఖం మాడ్చుకున్నారో బయట అందరికీ కనిపిస్తుంది. రష్ లేని వేళ కెఫెటీరియాలో ఓ మూల నయం. ల్యాప్‌టాప్ మూసెయ్యండి. ఫోన్‌ని బోర్లా పెట్టినా చెయ్యి దానిమీదికే పోతుంది, బ్యాగులో వెయ్యండి.

మొదటి మాట: ‘నీ వైపు నుంచి ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు.’ ‘ఎందుకలా చేస్తున్నావ్?’ అని మొదలుపెడితే సంజాయిషీ అడిగినట్టుంటుంది, దానికి సాకులే వస్తాయి. పది నిమిషాలు మీ అభిప్రాయం ఒక్కటీ చెప్పకండి. ఆ తర్వాత విన్నదాన్ని రెండు వాక్యాల్లో తిరిగి చెప్పండి. ఒకటి జరిగిన సంగతి, రెండోది దానివల్ల ఆ మనిషికి ఏమనిపించిందీ అని. టెస్టర్‌తో అయితే ఇలా: ‘నువ్వు రాసిన టిక్కెట్లు మూసేసిన ప్రతిసారీ నీ పని మీద నమ్మకం లేదన్నట్టుంది. పైగా రేపు రిలీజ్‌లో అదే బగ్ బయటపడితే మాట పడేది నువ్వే, ఆ భయం కూడా ఉంది. సరిగ్గానే విన్నానా?’

ఆమె ‘అవును, అదే’ అంటే ముందుకెళ్లండి. ‘అది కాదు’ అన్నా నష్టం లేదు, అసలు సంగతి అప్పుడే బయటికొస్తుంది. మళ్లీ తిరిగి చెప్పండి. ఇది కొత్త సంగతేం కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1951లోనే ఒక ప్రసంగంలో ఈ నియమం చెప్పారు: వాదన మధ్యలో ఆగి, ఎదుటివాళ్ల ఆలోచననీ మనసునీ వాళ్లు ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే ఎవరైనా తమ మాట చెప్పాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది. కోపంలో ఉన్నప్పుడు చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

భయం, అవమానం, విసుగు లాంటి మాటలు ఆఫీసులో పలకడానికి మనవాళ్లు మొహమాటపడతారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన మెదడు స్కానింగ్ అధ్యయనంలో, కోపమో భయమో ఉన్న ముఖాన్ని చూసి ఆ భావానికి పేరు పెట్టినప్పుడు, ముప్పు పసిగట్టే అమిగ్డలా అనే భాగంలో అలజడి తగ్గింది. కాబట్టి పేరు పెట్టి అడగండి. తప్పు పేరు పెడితే వాళ్లే సరిదిద్దుతారు. ‘నాకర్థమైంది’ అన్న మాట మాత్రం వద్దు. ఏం అర్థమైందో చెప్పకుండా ఆ మాట అంటే ‘ఇక ఆపు’ అన్నట్టే వినిపిస్తుంది.

డెవలపర్ వైపు విన్నప్పుడు బహుశా ఇలాంటిది తేలుతుంది: టిక్కెట్లో ఏ బిల్డో (ప్రోగ్రాం వెర్షన్), ఏ బ్రౌజరో, ఏ యూజర్ లాగిన్‌తో వచ్చిందో ఉండదు. గంటసేపు వెతికితే దొరకదు. ఆ గంట స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) లెక్కలో ఎక్కడా కనిపించదు. అంటే ఆమెకి కావాల్సింది తన మాట పట్టించుకోవడం, అతనికి కావాల్సింది సమాచారం. రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. లేవబోయే ముందు ఇద్దర్నీ ఒకటడగండి: ‘ఇందులో అవతలివాళ్లకి చెప్పకూడనిది ఏమైనా ఉందా?’ ఈ ఒక్క ప్రశ్న మరిచిపోయి, విడిగా విన్న మాట కలిసి కూర్చున్నప్పుడు నోరు జారితే ఇక మీతో ఎవరూ మనసు విప్పరు.

కలిపి కూర్చోబెట్టడం మర్నాడు, 45 నిమిషాలు. శుక్రవారం సాయంత్రం వద్దు, రిలీజ్ ముందురోజు అసలే వద్దు. ఒకరు మూడు నిమిషాలు మాట్లాడాలి, రెండోవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి, మొదటివాళ్లు ‘అవును, అదే’ అన్నాకే రెండోవాళ్ల వంతు. ఇక్కడ మీ పని తూకం వెయ్యడం కాదు, కాపలా. ‘అంటే నేను పనిదొంగనని చెప్తోంది’ అంటే అది తిరిగి చెప్పడం కిందికి రాదు, ఆపండి. ‘ఎప్పుడూ ఇంతే’ అంటే టిక్కెట్ నంబరు అడగండి. ‘చూడకుండానే మూసేశావ్’ అంటే అదీ ఊహే, చూశాడో లేదో ఆమెకెలా తెలుసు? ‘రాసిన ఎనిమిది నిమిషాలకి మూసేశావ్’ అంటే అది స్క్రీన్ మీద ఉన్న సంగతి. దానితో ఎవరూ గొడవపడలేరు.

చివరి పది నిమిషాలు ఒప్పందానికి. ప్రతి టిక్కెట్లో బిల్డ్ నంబరు, బ్రౌజరు, లాగిన్, చేసిన స్టెప్పులు, వీలైతే స్క్రీన్ రికార్డింగు. ‘రావట్లేదు’ అని మూసే ముందు ఇద్దరూ కలిసి పది నిమిషాల కాల్. గ్రూపులో మేనేజర్‌ని ట్యాగ్ చేసేముందు నేరుగా మాట్లాడాలి, ఒక పనిదినంలో తేలకపోతే మీ దగ్గరికి రావాలి. ఇది ఇద్దరిలో ఒకరు రాసి, రెండోవాళ్లు ఓకే అనాలి. మీరు రాస్తే అది మీ రూల్ అవుతుంది. రెండు స్ప్రింట్ల తర్వాత ఎలా నడుస్తోందో చూడండి. ‘ఇద్దరిదీ తప్పుంది’ అన్న మాట పొరపాటున కూడా అనొద్దు. న్యాయంగా మాట్లాడానని మీరు అనుకుంటారు, వాళ్లిద్దరికీ మాత్రం తమ మాట సగమే విన్నట్టుంటుంది.

ప్రశ్న: జీడిమెట్లలో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే లోహపు మిషన్ల) షాపులో సూపర్‌వైజర్‌ని. పొద్దున షిఫ్టు ఆపరేటర్ మన ఊరోడే, 2 గంటలకి దిగిపోతాడు. రెండో షిఫ్టుకి బిహార్ కుర్రాడు వస్తాడు. మిషన్ నిండా చిప్స్ (లోహపు తరుగు), కూలెంట్ (చల్లబరిచే ద్రవం) తక్కువ, ఇన్‌సర్ట్ (కోసే పలక) అరిగిపోయి ఉంటుంది. ఆ కుర్రాడి మొదటి నాలుగైదు పీసులు రిజెక్ట్ అవుతాయి. నిన్న కాలర్లు పట్టుకునేదాకా పోయింది. ఇద్దరూ పనిమంతులే, ఎవర్నీ వదులుకోలేను.
– జగద్గిరిగుట్ట

జవాబు: కాలర్ పట్టుకున్న రోజు ఏమీ మాట్లాడించొద్దు. ఇద్దర్నీ మిషన్ దగ్గర్నుంచి పక్కకి తెచ్చి, నీళ్లిచ్చి, వేర్వేరు చోట్ల కూర్చోబెట్టండి. ఒంట్లో వేడి దిగడానికి అరగంటైనా పడుతుంది, ఆలోపు ఎంత మంచి మాటైనా తలకెక్కదు. మళ్లీ చెయ్యి లేస్తే ఏమవుతుందో మాత్రం ఇద్దరికీ ఒకే మాటగా చెప్పెయ్యండి.

మర్నాడు విడివిడిగా వినండి, ఎవరి భాషలో వాళ్లని. హిందీ రాకపోతే ఇద్దరికీ దోస్తు కాని మనిషిని పక్కన పెట్టుకోండి. ‘తుమారీ బాత్ పూరీ బోలో, బీచ్ మే కోయీ నై బోల్తా’ (నీ మాట పూర్తిగా చెప్పు, మధ్యలో ఎవరూ మాట్లాడరు) అన్న ఒక్క మాటతో ఆ కుర్రాడికి సగం భయం పోతుంది. ఊరు వదిలి వచ్చినవాడికి, సూపర్‌వైజరూ పాత ఆపరేటరూ ఒకే ఊరోళ్లు అన్నప్పుడు న్యాయం జరుగుతుందన్న నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? మీరు ఉత్తరంలో ‘మన ఊరోడే’ అని రాశారు. ఆ కుర్రాడికీ ఆ సంగతి తెలుసు.

ఇక అసలు సంగతి. మీ దగ్గర పీసుల మీద ఇన్సెంటివ్ ఉండి ఉంటుంది. పొద్దున షిఫ్టు మనిషి చిప్స్ ఎత్తి, కూలెంట్ నింపి దిగాలంటే పదిహేను నిమిషాలు కావాలి, అంటే కొన్ని పీసులు పోయినట్టే. అందుకని 2 దాకా నడిపి చెయ్యి కడుక్కుని పోతాడు. మధ్యలో ఆఫ్‌సెట్ (కొలత సర్దుబాటు) మార్చి ఉంటాడు, రాయడు. రెండోవాడు అదే సైజనుకుని సైకిల్ స్టార్ట్ కొడతాడు, కొలత తప్పుతుంది, ఆ రిజెక్షన్ అతని పేరు మీద పడుతుంది. ఒకడి ఇన్సెంటివ్ ఇంకొకడికి రిజెక్షన్ అవుతోంది. దాన్ని ఇద్దరూ ఒకరి బుద్ధి ఒకరికి అంటగట్టుకుంటున్నారు. బయోడైవర్సిటీ జంక్షన్‌లో మనం ఇరుక్కుంటే ట్రాఫిక్, వేరేవాడు ఇరుక్కుంటే బద్ధకం అనుకోవడం మనుషులందరికీ ఉన్నదే. 1977లో లీ రాస్ అనే మనస్తత్వవేత్త దీనికి పేరు కూడా పెట్టారు.

కాబట్టి ఇద్దర్నీ కలిపినప్పుడు మొదటి మాట మీదే కావాలి: ‘లెక్క కట్టే పద్ధతిలోనే లోపం ఉంది, అది మా వైపు తప్పు.’ ఆ తర్వాత వాళ్లిద్దరితోనే హ్యాండోవర్ చీటీ తయారు చేయించండి. చివరి మంచి పీసు, దాని కొలత. మార్చిన ఆఫ్‌సెట్, ఎంత మార్చారో. ఇన్‌సర్ట్ ఏ మూల మీద నడుస్తోంది, ఆ మూల మీద ఎన్ని పీసులు అయ్యాయి. కూలెంట్ లెవెల్, రిఫ్రాక్టోమీటర్ (కూలెంట్ చిక్కదనం చూసే పరికరం) ఉంటే దాని రీడింగ్. అలారం గానీ కొత్త శబ్దం గానీ వచ్చిందా. చిప్స్ ఎత్తారా. రెండో షిఫ్టు మొదటి పీసు ఇద్దరూ కలిసి కొలిచి సంతకం పెట్టాలి. షిఫ్టు చివరి పదిహేను నిమిషాలు పీసుల లెక్కలోంచి తీసెయ్యండి. కొలవడానికి ముందొచ్చినా, వెనక ఆగినా ఆ సమయానికి డబ్బు కట్టండి. కట్టకపోతే వారంలో చీటీ పోతుంది, పాత గొడవ తిరిగొస్తుంది. ఒక నెలపాటు మొదటి అయిదు పీసుల రిజెక్షన్ ఎవరి ఖాతాలోనూ రాయకండి.

ప్రశ్న: హిమాయత్‌నగర్‌లో ఆడిటర్ ఆఫీసులో పని. నెలలో 20వ తేదీ దగ్గరపడితే సార్ అందరి ముందూ ‘బుర్ర ఉందా అసలు’ అంటారు. మామూలు రోజుల్లో మంచాయనే. చెప్పాలని ఉంది, ఉద్యోగం పోతుందేమోనని భయం.
– పేరు రాయలేదు

జవాబు: తేదీ చూసుకుని చెప్పండి. 11న జీఎస్టీఆర్-1, 20న 3బి అనే జీఎస్టీ రిటర్నులు వెయ్యాలి. ఆలస్యమైతే పన్ను ఉన్న రిటర్నుకి రోజుకి 50 రూపాయల లేటు ఫీజు, ఆ పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. క్లయింటు ఆ చలానా పట్టుకుని వచ్చి తిట్టేది మీ సార్‌నే. ఆయన అరుపు వెనక ఉన్నది అదీ. అలాగని అరుపు సబబు అయిపోదు. ఎక్కణ్నుంచి మొదలుపెడితే ఆయన వింటారో దాన్నిబట్టి మీకు తెలుస్తుంది.

22 తర్వాత ఒక మధ్యాహ్నం, ‘సార్, పది నిమిషాలు మీతో పని గురించి మాట్లాడాలి’ అని అడగండి. పెద్దవాళ్లతో వాళ్ల బరువు గురించి ముందు మాట్లాడి, మన బాధ తర్వాత చెప్పడం మన దగ్గర పనిచేసే వరస. ‘సార్, చివరి రెండు రోజుల్లో క్లయింట్ల ఫోన్లన్నీ మీకే వస్తాయి, ఒక్క రిటర్ను ఆగినా మాట మీకే వస్తుంది, చూస్తూనే ఉన్నాను.’ ఇక్కడ ఆగండి. ఆయన ఏదో ఒకటి అంటారు, అననివ్వండి. తర్వాత: ‘18న సాయంత్రం అందరి ముందూ బుర్ర ఉందా అన్నారు. ఆ తర్వాత గంటసేపు చేతులు ఆడలేదు సార్, చేసిన ఎంట్రీ మళ్లీ చూసుకోవాల్సొచ్చింది. తప్పు కనిపిస్తే లోపలికి పిలిచి చెప్పండి. 17 సాయంత్రానికల్లా పెండింగ్ లిస్టు మీ టేబుల్ మీద పెడతాను.’

‘మీరు నన్ను అవమానించారు’ అనకండి. అది తీర్పు, తీర్పు మీద ఆయన వాదిస్తారు. ఆయన అన్న మాట, దానివల్ల పనికి జరిగినది చెబితే వాదించడానికి ఏమీ ఉండదు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో పెట్టడం అన్నిటికంటే చెడ్డది. ‘నా పద్ధతింతే’ అంటే ఇంకొక్కసారి అదే అడిగి లేచి వచ్చెయ్యండి, మూడోసారి వద్దు. 17న లిస్టు మాత్రం తప్పకుండా పెట్టండి. ఆ నెలలో ఒక్కసారైనా లోపలికి పిలిచి చెబితే, ‘అలా చెప్పడం వల్ల వెంటనే సరిచేశాను సార్’ అని ఆ రోజే అనండి. మూడు నెలలు గడిచినా అరుపు అరుపులాగే ఉంటే ఇంకో ఆఫీసు చూసుకోవచ్చు. మాటలతో మారని మనుషులూ ఉంటారు.

ప్రశ్న: మాది విజయవాడ. ఉప్పల్‌లో ఒక ఆఫీసులో కొత్తగా చేరాను. పక్క సీట్లో జనగామ అబ్బాయి నాకంటే చిన్నవాడు. ‘ఏందక్కా, నువ్వు తిన్నవా’ అంటాడు. నువ్వు అంటుంటే ఒళ్లు మండి ముభావంగా ఉంటున్నాను. ఇప్పుడు ఇద్దరి మధ్యా పని మాటలు కూడా తగ్గిపోయాయి.

జవాబు: అతను మిమ్మల్ని అక్కా అంటున్నాడు, తిన్నారా అని అడుగుతున్నాడు. తక్కువ చెయ్యాలనుకునేవాడు ఈ రెండూ చెయ్యడు. వాళ్ల వైపు చాలా ఇళ్లల్లో అమ్మనీ నాన్ననీ కూడా నువ్వనే అంటారు. మీరు ‘అండీ’ అన్నప్పుడల్లా అతనికి దూరం పెడుతున్నట్టు అనిపిస్తూ ఉండొచ్చు. ఇలాంటి చోట ఊహల కంటే ఒక టీ చవక. ‘తమ్ముడూ, మా వైపు పనిచేసే చోట మీరు అనడం అలవాటు. నువ్వంటే మొదట్లో మర్యాద తగ్గినట్టనిపించి మాట తగ్గించాను. నీకేమనిపించింది?’ అని అడిగెయ్యండి. క్లయింట్ల ముందు మీరు, మామూలుగా నువ్వు అనుకుంటే సరిపోతుంది. ఒక్క విషయం చూసుకోండి. ఆఫీసులో ఎవరైనా అతని యాసని అనుకరించి నవ్వుతున్నారా, ఆ నవ్వులో మీరూ కలిశారా? కలిసి ఉంటే ముందు దాని గురించి సారీ చెప్పండి.

ప్రశ్న: కూకట్‌పల్లి ప్రైవేటు ఆస్పత్రిలో నర్సింగ్ ఇన్‌ఛార్జిని. పన్నెండుమందిలో ఎనిమిదిమందికి సంక్రాంతికి సెలవు కావాలి. ప్రతి ఏడాదీ ఉండిపోయే నలుగురు ఈసారి ఎదురుతిరిగారు. ‘వాళ్లకేనా పండగలు’ అంటున్నారు.

జవాబు: వాళ్లు అడిగింది న్యాయమే, ముందు ఆ మాట వాళ్లతో అనండి. ‘మూడేళ్లుగా ఆ నాలుగు రోజులూ మీరే లాగారు, ఎవరూ థ్యాంక్స్ కూడా చెప్పలేదు’ అని పేరుపేరునా చెప్పాకే రోస్టర్ ఎత్తండి. సెలవు కావాలన్న ఎనిమిదిమందిని ‘నీకు తప్పనిసరి ఏ రోజు, ఎందుకు?’ అని విడిగా అడగండి. అందరూ నాలుగు రోజులూ రాస్తారు గానీ ఒకరికి భోగి ముఖ్యం, ఒకరికి కనుమ, ఒకరికి కొత్త అల్లుడు వచ్చే రోజు. ఈ సంగతులు బయటికొస్తే ఎనిమిది సెలవుల్లో రెండు మూడు వాటంతటవే సర్దుకుంటాయి.

రోస్టర్ డిసెంబర్ చివర్లో వేస్తే ఎంత ప్రేమగా చెప్పినా గొడవే. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, జనవరి 12 ప్రయాణానికి నవంబర్ 13న. టికెట్ కొన్నాక సెలవు లేదంటే ఎవరికైనా మండుతుంది. నవంబర్ మొదటి వారంలో తేల్చెయ్యండి. ఏడాది మొత్తానికి ఒకే చార్టు వెయ్యండి: సంక్రాంతి, రంజాన్, బోనాలు, బతుకమ్మ–దసరా, క్రిస్మస్. సంక్రాంతికి ఉన్నవాళ్లకి తమ పండక్కి మొదటి ఎంపిక. ఆ చార్టు నర్సింగ్ స్టేషన్‌లో గోడకి అంటించండి, మీ సొరుగులో ఉంటే ఎవరూ నమ్మరు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా ఆన్‌సైట్ లీడ్ రాత్రి తొమ్మిదిన్నరకి ‘ఇంకా ఎందుకు అవ్వలేదు?’ అని మెసేజ్ పెడతాడు. జవాబిస్తే ఇంకో ప్రశ్న. తెలుగువాడే, మనిషిలా మాట్లాడడు.

జవాబు: మీకు తొమ్మిదిన్నర అయినప్పుడు అక్కడ ఎండాకాలంలో మధ్యాహ్నం 12, చలికాలంలో 11. అతను ఆఫీసు మధ్యలో ఉన్నాడు, పక్కన క్లయింటు అడుగుతున్నాడు. మీరు అన్నం ముందు ఉన్నారు. రాతలో గొంతు వినపడదు కాబట్టి మూడో మెసేజ్ దాటితే కాల్ చెయ్యండి. ఆ కాల్‌లో ‘క్లయింటు నిన్ను ఎన్నింటికి అడుగుతాడు?’ అని కనుక్కుని, దానికి గంట ముందే మూడు లైన్ల స్టేటస్ పెట్టండి: ఏది అయింది, ఏది ఆగింది, ఎప్పటికి అవుతుంది. తొమ్మిది తర్వాత ప్రొడక్షన్ (జనం వాడుతున్న సిస్టమ్) పడిపోతేనే పిలవమని అప్పుడే అడగండి. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట మారుతుంది. ఆ వారాల్లో స్టేటస్ టైము కూడా మార్చుకోకపోతే పాత మెసేజ్‌లు మళ్లీ మొదలవుతాయి.

ప్రశ్న: మా మేనేజర్ రెండర్థాల మాటలు, భుజం మీద చెయ్యి. హెచ్ఆర్‌కి చెబితే ‘ఇద్దరూ కూర్చుని ఒకరినొకరు అర్థం చేసుకోండి, ఆయన ఉద్దేశం అది కాకపోవచ్చు’ అన్నారు. నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?
– ఒక పాఠకురాలు, మాదాపూర్

జవాబు: లేదు. ఈ పేజీలో చెప్పినదేదీ మీ విషయానికి వర్తించదు. ఆయన మనసు అర్థం చేసుకోవాల్సిన పని మీది కాదు.

పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం, 2013 ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి వ్యక్తి. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోపు మిమ్మల్ని గానీ ఆయన్ని గానీ వేరే చోటికి మార్చమని, లేదా మూడు నెలల దాకా సెలవు ఇమ్మని మీరు రాసి అడగవచ్చు. రాజీ అనేది మీరు కోరితేనే. హెచ్ఆర్ ‘కూర్చుని మాట్లాడుకోండి’ అనడం చట్టం ఒప్పుకునేది కాదు. మీరు కోరినా డబ్బు మీద రాజీ కుదర్చకూడదు. పదిమంది కంటే తక్కువున్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. పోలీసుల షీ టీమ్స్‌నీ, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరునీ కూడా ఆశ్రయించవచ్చు.

ఈ రోజే తేదీలు, సమయం, అన్న మాటలు, దగ్గరున్నవాళ్ల పేర్లు ఒక చోట రాసుకోండి. హెచ్ఆర్‌తో మాట్లాడిన తేదీ, వాళ్లిచ్చిన జవాబు కూడా రాయండి. మెసేజ్‌లు ఉంటే ఆఫీసు ఫోన్‌లో కాక ఇంకోచోట కాపీ పెట్టుకోండి. కులం పేరుతో నలుగురి ముందు తిట్టడం, జీతం ఎగ్గొట్టడం గురించి రాసిన మరో ఇద్దరికీ ఇదే మాట: చట్టం దారి ముందు, మంచి మాటలు తర్వాత.

ప్రశ్న: బేగంపేటలో హెచ్ఆర్‌లో పనిచేస్తున్నాను. అందరి బాధా వింటాను. ఇప్పుడు రోజుకి నలుగురు వచ్చి గంటలు గంటలు చెబుతారు. ఇంటికెళ్లాక నాకు మాట్లాడే ఓపిక ఉండట్లేదు.

జవాబు: కూర్చోగానే ఒకటడగండి: ‘వినమంటారా, ఏదైనా చెయ్యమంటారా?’ చాలామంది వినమనే అంటారు. అప్పుడు మీరు పరిష్కారం వెతుక్కుంటూ అలసిపోవాల్సిన పని లేదు. అరగంట అని ముందే చెప్పండి, అయిదు నిమిషాలుందనగా గుర్తుచెయ్యండి. ఒకే ఫిర్యాదుతో మూడోసారి వస్తే, ‘పోయినసారి మీరు ఆయనతో మాట్లాడతానన్నారు, మాట్లాడారా?’ అన్నది మొదటి మాట కావాలి.

మాట వాడకంలో జాగ్రత్త. ‘మిమ్మల్ని పక్కనపెట్టినట్టు అనిపించింది’ అంటే మీరు విన్నారు. ‘ఆయన మీకు అన్యాయం చేశారు’ అంటే మీరు తీర్పు చెప్పారు. సాయంత్రానికల్లా ‘హెచ్ఆరే అంది’ అని ఆ మాట ఆయన టేబుల్ మీద ఉంటుంది. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వొద్దు. ప్రాణానికి ముప్పు, వేధింపు ఉంటే చెప్పక తప్పదు, ఆ సంగతి మొదట్లోనే చెప్పెయ్యండి. నిద్రపట్టని, బతకాలని లేదనే మాటలు వస్తే అది మీ అరగంటలో తేలేది కాదు. టెలి మానస్ నంబరు 14416 ఇచ్చి, వాళ్లు అక్కడుండగానే డయల్ చేయించండి. ఇది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీకు కూడా పనికొస్తుంది.

ప్రశ్న: మాట్లాడుతుండగా ఎదుటివాళ్లు ఏడ్చేస్తే? నాకు కాళ్లూ చేతులూ ఆడవు.
– సూపర్‌వైజర్, ఎల్బీనగర్

జవాబు: నీళ్ల గ్లాసు, టిష్యూలు దగ్గరికి జరిపి ఊరుకోండి. ‘ఏడవకండి, ఇదేమంత పెద్ద విషయం’ అనొద్దు. భుజం తట్టొద్దు. ఒక నిమిషం గడిచాక, ‘ఆపుదామా, కాసేపాగి మాట్లాడదామా?’ అని వాళ్లనే అడగండి. ఏడుపు చూసి మీరు చెప్పాల్సిన విషయం మింగెయ్యకండి. ఆ రోజు కాకపోతే మర్నాడు అదే మాట అదే మోతాదులో చెప్పండి. వాయిదా వేస్తే సమయం అక్కడే ఖాయం చేసుకోండి. బయటికెళ్లే ముందు వాష్‌రూమ్‌కి వెళ్లొచ్చేంత వ్యవధి ఇవ్వండి, తలుపు మీరే ముందు తీసుకుని బయటికి రాకండి. మీటింగ్ నోట్సులో ఏం మాట్లాడారో రాయండి, ఏడ్చిన సంగతి రాయొద్దు.